కాజూ ముద్దతో బొమ్మల మిఠాయిలు: బతుకమ్మ నుంచి ఇరానీ చాయ్ కప్పు దాకా

రాఖీకి మా తమ్ముడికి ఈసారి ఒక చిన్న ఇరానీ చాయ్ కప్పు ఇచ్చాను. సాసరు, పక్కన గోరంత ఉస్మానియా బిస్కెట్, కప్పులో చాయ్ రంగు చాక్లెట్, మిగతాదంతా జీడిపప్పు ముద్దే. రోజుకి ఆరేడు చాయ్‌లు తాగే మనిషి వాడు. రెండు రోజులు దాన్ని తినకుండా కనిపించినవాళ్లందరికీ చూపించుకుంటూ తిరిగాడు, మూడో రోజు వాళ్ల పిల్లాడు వచ్చి సాసరు కొరికేశాక ఇక లాభం లేదని మిగతాది తినేశాడట. అప్పటినుంచి చుట్టాల్లో "ఎలా చేశావ్" అని అడగనివాళ్లు లేరు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి గొంతు పోయింది కాబట్టి మొత్తం ఒకేసారి రాసేస్తున్నాను.

కేకుల మీద ఫాండెంట్ అనే చక్కెర ముద్దతో చేసే బొమ్మలు చూసే ఉంటారు. చూడటానికి బాగుంటాయి, తినబోతే ఉత్త చక్కెర, సగం మంది తీసి పళ్లెం అంచున పెట్టేస్తారు. కాజూ ముద్ద అలా కాదు, మైనంలా చెప్పినట్టు వింటుంది, పైగా చివరి ముక్క దాకా తింటారు. బాదంపప్పుతో యూరప్‌లో చేసే మార్జిపాన్‌కి ఇది దగ్గరి చుట్టమే. పంచదార చిలకలు, హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు చూసి పెరిగినవాళ్లం, మిఠాయిని బొమ్మగా చేయడం మనకి కొత్తేమీ కాదు.

ఎవరికి ఏది, ముందు అది తేల్చుకోండి

చాలామంది ముందు అచ్చులు కొంటారు. గుండె, నక్షత్రం, సీతాకోకచిలుక. అందరికీ అవే గుండెలు, అవే నక్షత్రాలు ఇస్తే కొన్న డబ్బాకీ మీరు చేసినదానికీ పెద్ద తేడా ఏముంటుంది? ఒక కాగితం మీద పేర్లు రాసుకోండి, పేరు పక్కన ఆ మనిషి అనగానే మీకు తట్టే ఒక్క వస్తువు రాయండి. మా లిస్టులో అత్తమ్మకి బతుకమ్మ, మామయ్యకి కళ్లజోడు, మేనకోడలికి వాళ్ల వీధి పిల్లి, తమ్ముడికి సరే చాయ్. వస్తువు సరిగ్గా కుదిరిందంటే బొమ్మ కాస్త వంకరగా వచ్చినా ఎవరూ పట్టించుకోరు, నవ్వుతూ తీసుకుంటారు.

ఇంకో లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. ఒక్కో బొమ్మకి పావుగంట పడుతుందనుకుంటే ముప్ఫై బొమ్మలకి ఏడున్నర గంటలు. అంత ఓపిక నాకు లేదు, మీకూ ఉండదు. అసలైన బొమ్మలు ఐదో ఆరో పెట్టుకుని, మిగతా ముద్దని తేలిక ఆకారాల్లో కోసేయండి. పని రెండు సాయంత్రాలకి పంచుకుంటే నడుం కూడా మిగులుతుంది, మొదటి రోజు ముద్ద, రెండో రోజు బొమ్మలు.

ఇచ్చే ముందు తప్పకుండా అడగాల్సింది ఒకటుంది. జీడిపప్పు పడనివాళ్లు ఉంటారు, పిల్లల్లో మరీ చూసుకోవాలి, వాళ్ల అమ్మానాన్నల్ని అడగకుండా చేతిలో పెట్టొద్దు.

ముద్ద: ఇది కుదిరితే సగం పైన అయిపోయినట్టే

ఒక వాయికి జీడిపప్పు అర కిలో, చక్కెర 300 గ్రాములు, నీళ్లు 150 మిల్లీలీటర్లు, పాలపొడి రెండు పెద్ద చెంచాలు, నెయ్యి ఒక పెద్ద చెంచా, లిక్విడ్ గ్లూకోజ్ ఒక చిన్న చెంచా, కొంచెం యాలకుల పొడి. దీనికి 800 గ్రాములకి పైనే ముద్ద వస్తుంది, అంటే ఒక్కోటి 25 గ్రాముల చొప్పున ముప్ఫై దాకా. కాజూ కత్లీకైతే చక్కెర జీడిపప్పులో సగమే వేస్తారు, బొమ్మలకి ఇంకొంచెం ఉంటేనే ఆరాక గట్టిగా నిలబడుతుంది.

జీడిపప్పు గుండ్లు కొనకండి, ఎలాగూ పొడి కొట్టేదే, బద్దలో పలుకులో తీసుకుంటే డబ్బులు బాగా మిగులుతాయి. నేను హైదరాబాద్ బేగంబజార్‌లో కొంటాను. ఉస్మానియా మెడికల్ కాలేజ్ మెట్రో స్టేషన్‌లో దిగితే అక్కణ్నుంచి దగ్గరే, కార్లో మాత్రం వెళ్లకండి, పార్కింగ్ వెతుక్కునే టైంలో ఇంకో వాయి చేసుకోవచ్చు. గ్లూకోజ్, జెల్ రంగులు, కాగితపు కప్పులు కూడా ఆ పక్క బేకింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి.

వానాకాలంలో పప్పు మెత్తబడుతుంది. కొరికితే కరకరమనాలి, లేదంటే సన్న సెగ మీద రెండు నిమిషాలు వేడి చేసి, రంగు మారకముందే దించి పూర్తిగా చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పప్పుని అప్పటికప్పుడు మిక్సీలో వేయొద్దు, దాని మీద చెమ్మ చేరి పొడి కాస్తా ముద్దవుతుంది.

మిక్సీ ఆపకుండా తిప్పితే వేడికి నూనె వదులుతుంది, అప్పుడు మీ చేతిలో ఉండేది జీడిపప్పు పొడి కాదు, జీడిపప్పు వెన్న. పాలపొడి కలిపి, కొంచెం కొంచెంగా, రెండు సెకన్లు తిప్పి ఆపి, మళ్లీ తిప్పి ఆపి కొట్టండి. తర్వాత జల్లించాలి. మైదా జల్లెడ సరిపోతుంది, పైన మిగిలిన రవ్వని మళ్లీ ఒకసారి మిక్సీలో వేయండి, అప్పటికీ మిగిలితే అది పాయసంలోకి. జల్లించే ఓపిక లేక నేను ఒకసారి వదిలేశాను, పిల్లి ముఖమంతా మొటిమలు వచ్చినట్టు తయారైంది.

మందపాటి మూకుడులో చక్కెర, నీళ్లు వేసి చక్కెర పూర్తిగా కరిగాకే మంట పెంచండి. గ్లూకోజ్ ఇప్పుడే వేయాలి, పాకం మళ్లీ పలుకుగా గడ్డకట్టకుండా అదే ఆపుతుంది, ముద్ద రెండో రోజుకి కూడా మెత్తగా ఉంటుంది. దొరక్కపోతే నాలుగు చుక్కల నిమ్మరసం వేసినా అదే పని చేస్తుంది. తీగపాకం రావాలి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క తీగ సాగి తెగకుండా నిలబడితే చాలు. ఇంకా ముదిరితే ముద్ద చల్లారేసరికి రాయవుతుంది. పాకం పొయ్యి మీద ఉండగా ఫోన్ ఎత్తొద్దు, ఈ విషయంలో నాకు చాలా అనుభవం ఉంది.

తీగ రాగానే మంట పూర్తిగా తగ్గించి, పొడి వేసి ఉండలు లేకుండా కలపండి. మొదట పలచగా, అట్ల పిండిలా కనిపిస్తుంది, కంగారుపడి ఇంకో గుప్పెడు పొడి వేయకండి. ఆరు నుంచి ఎనిమిది నిమిషాలు అడుగు గీరుతూ తిప్పుతుంటే మూకుడుని వదిలి మధ్యలోకి చేరుతుంది. అప్పుడు నెయ్యి, యాలకుల పొడి. వేలికి నెయ్యి రాసుకుని బఠాణీ గింజంత తీసి ఉండ చేసి చూడండి, అంటుకోకుండా గుండ్రంగా నిలిస్తే దించేయాలి. ఇంకో నిమిషం ఉంచుదామా అని మనసు లాగుతుంది, ఉంచొద్దు.

నెయ్యి రాసిన పళ్లెంలో వేసి, చెయ్యి పట్టగలిగే వేడికి వచ్చాక రెండు మూడు నిమిషాలు పిసకండి. చపాతీ పిండిలా పది నిమిషాలు పిసికితే నూనె బయటికి వస్తుంది. పొడిపొడిగా రాలుతుంటే గోరువెచ్చని పాలు అర చెంచా, ఒక్కసారికి అంతే. జారుగా ఉంటే మళ్లీ సన్న సెగ మీద ఒక నిమిషం. నూనె తేలితే కాగితంతో అద్ది, ఒక చెంచా పాలపొడి కలిపి పావుగంట వదిలేయండి. అయ్యాక గాలి తగలకుండా మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి, రేపటిదాకా బయటే ఉండొచ్చు.

రంగులు

ముద్ద అంతటికీ రంగు కలపొద్దు. సగానికి పైగా తెల్లగానే ఉంచి, మిగతాది చిన్న చిన్న ఉండలుగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో రంగు. నీళ్ల రంగు వేస్తే ముద్ద మెత్తబడిపోతుంది, జెల్ అయితే టూత్‌పిక్ మొనతో అద్దితే చాలు. మన దేశంలో తిండిలో వాడటానికి ఒప్పుకున్న కృత్రిమ రంగులు ఎనిమిదే, డబ్బా మీద పేరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు చూసి కొనండి. పొట్లం కట్టి ఇచ్చే "మిఠాయి రంగు" ఎంత చవగ్గా వచ్చినా వద్దు, అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

నేనైతే వంటింట్లో దొరికేవాటితోనే చాలావరకు కానిచ్చేస్తాను. పసుపు రంగుకి చెంచా వేడి పాలలో నానబెట్టిన కుంకుమపువ్వు, తొందరైతే చిటికెలో పావు వంతు పసుపు, అంతకు మించితే పులిహోర వాసనొస్తుంది. ఆకుపచ్చకి పొట్టు తీసిన పిస్తా పొడి, గోధుమ రంగుకి కోకో. గులాబీకి బీట్‌రూట్ రసాన్ని చిక్కబడేదాకా మరిగించి చల్లార్చి వాడాలి, ముద్ద పొయ్యి మీద ఉండగా వేస్తే రంగు వెలిసిపోతుంది. నీలానికి శంఖుపూలు ఉన్నాయి కదా, ఎండబెట్టి పొడి చేసి కలపండి, అదే పొడికి ఒక చుక్క నిమ్మరసం తగిలితే వంగపండు రంగుకి మారుతుంది. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని ఇది ఒక్కటే, మిగతా వాటికి వాళ్లని పిలిస్తే ముద్ద మిగలదు. కళ్లకి నల్ల నువ్వులు.

పనిముట్లు మీ ఇంట్లోనే ఉన్నాయి

బొమ్మల కేకుల వాళ్లు వాడే ప్లాస్టిక్ పనిముట్ల సెట్ ఒకటి కొన్నాను, ఎక్కడుందో ఇప్పుడు తెలియదు. జంతికల గొట్టం కంటే మంచి పనిముట్టు నేను చూడలేదు. నక్షత్రం బిళ్లతో తీస్తే పూలదండలాంటి తీగ, సన్న కారప్పూస బిళ్లతో తీస్తే జుట్టు, గడ్డి, పక్షిగూడు. టీ వడపోసే జల్లెడలోంచి ముద్దని వేలితో నొక్కితే అవతలి పక్క బొచ్చు వస్తుంది, పిల్లికీ కుక్కపిల్లకీ అదే. గవ్వల పీట మీద దొర్లిస్తే శంఖాలు, చీర కుచ్చిళ్లు. గుండ్రంగా కోయడానికి సీసా మూతలు, గిన్నెలు. అతికించడానికి బ్రష్‌తో ఒక చుక్క నీళ్లు, రెండు చుక్కలు పెడితే జారిపోతుంది. తల నిలబడకపోతే లోపల టూత్‌పిక్ గుచ్చొద్దు, పిల్లలు కొరికితే ప్రమాదం, నేతిలో వేయించిన సేమ్యా పుల్ల ఒకటి గుచ్చండి, దాన్నీ తినేయొచ్చు.

బతుకమ్మ

మొదటిసారి దీన్ని ఒక్కో పువ్వూ విడిగా చేసి పేర్చాను. బియ్యపుగింజంత ఉండలు, ఒక్కోదాన్ని టూత్‌పిక్‌తో నొక్కి రేకులు, ఒక బతుకమ్మకే ముప్పావుగంట. ఇప్పుడు జంతికల గొట్టమే.

తెల్ల ముద్ద 15 గ్రాములు తీసుకుని, పైకి సన్నబడే మొద్దులా చేయండి, కొన మొనదేలకుండా చదునుగా ఉండాలి. పిస్తా ముద్ద 5 గ్రాములు పలచగా ఒత్తి గుండ్రంగా కోస్తే అదే తాంబాళంలో పరిచే ఆకు, మొద్దుని దాని మీద నిలబెట్టండి. ఇప్పుడు నక్షత్రం బిళ్లతో నారింజ తీగ తీసి అడుగున ఒక చుట్టు, అది బంతి. దాని మీద పసుపు చుట్టు, తంగేడు. ఆ పైన గులాబీ, రంగు అద్దిన గునుగు. కట్లపూల కోసం నీలం ఒక చుట్టు. చుట్టు మొదలూ చివరా అన్నీ ఒకే పక్కకి రానివ్వండి, ఆ పక్క వెనక్కి పెడితే అతుకులు కనబడవు. చివర్న శిఖరం మీద కందిగింజంత పసుపు ముద్ద, గౌరమ్మ. టూత్‌పిక్ మొనతో చుట్ల మీద అక్కడక్కడా గీతలు పెడితే తీగ కాస్తా పూలవుతుంది. ఐదు నిమిషాల పని.

మా అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "తంగేడు తక్కువ పెట్టినవ్ బిడ్డా" అంది. ఆ తర్వాత నుంచి పసుపు రెండు చుట్లు వేస్తున్నాను.

ఇరానీ చాయ్ కప్పు

తెల్ల ముద్ద 12 గ్రాములు ఉండ చేసి, నెయ్యి రాసిన చెక్క గరిటె పిడి చివరతో మధ్యలో గుంట పెట్టి, వేళ్లతో అంచులు పైకి లాగండి. ఇరానీ కప్పు అంచు మందంగానే ఉంటుంది, కాబట్టి మరీ పలచన చేయాలని తంటాలు పడక్కర్లేదు. సాసరుకి 8 గ్రాములు బిళ్లగా ఒత్తి, నెయ్యి రాసిన పెద్ద గరిటె గుంటలో నొక్కి తీయండి. పిడికి సన్నటి తీగ. ఇవన్నీ విడివిడిగా ఒక గంట ఆరాకే అతికించాలి, పచ్చిగా అతికిస్తే కప్పు ఒరిగిపోతుంది.

చాయ్ కోసం మిల్క్ చాక్లెట్ కరిగించి రెండు చుక్కల నెయ్యి కలిపి పోయండి. పలచన చేద్దామని నీళ్లు కలిపారో, చాక్లెట్ బిరుసెక్కి గడ్డకడుతుంది, దాన్ని మళ్లీ దారికి తేలేరు. పైన మలాయి కావాలంటే తెల్ల చాక్లెట్ చుక్క వేసి టూత్‌పిక్‌తో ఒక్కసారి తిప్పండి. ఉస్మానియా బిస్కెట్ పేరు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ మీదుగా వచ్చిందంటారు, మనది మాత్రం కుంకుమపువ్వు రంగు ముద్దని చిన్న సీసా మూతతో కోసిన బిళ్ల. అంచున పొడి బ్రష్‌తో కొంచెం కోకో రాస్తే ఇప్పుడే భట్టీలోంచి తీసినట్టుంటుంది.

ఓపిక లేని రోజుకి జాలీ

పాతబస్తీలో బాదం కీ జాలి అని ఒక మిఠాయి ఉంది, ఆజంపురాలో ఇప్పటికీ ఇంటి పద్ధతిలో చేసి అమ్ముతారు. బాదం లేదా జీడిపప్పు ముద్దని పలచగా ఒత్తి, జాలీలా కోసి, వరఖ్ అనే పలచని వెండి రేకు వేసి కాలుస్తారు. మిగిలిన తెల్ల ముద్దకి ఇంతకంటే మంచి దారి లేదు. రెండు బటర్ పేపర్ల మధ్య చపాతీ కర్రతో ఒత్తండి, అడుగు బిళ్ల కోసి, అంచు వదిలి మధ్యలో వరఖ్ పెట్టి, పై బిళ్లలో చిన్న చిన్న కంతలు చేసి, అంచుకి మాత్రమే తడి రాసి అతికించండి. కంతల్లోంచి వెండి మెరుస్తుంది. 150 డిగ్రీల ఓవెన్‌లో పది నిమిషాలు, అంచులు బంగారు రంగుకి తిరగ్గానే తీసేయాలి, జీడిపప్పు క్షణంలో మాడుతుంది.

వరఖ్ అసలుదో కాదో చూసుకోండి. రూల్ ప్రకారం వెండి 999 స్వచ్ఛత ఉండాలి. ఇంట్లో పరీక్షకి వేళ్ల మధ్య నలిపి చూడటమే, అసలుదైతే పొడిలా కలిసిపోతుంది, అల్యూమినియం అయితే పేలికలుగా చిరుగుతుంది. ఫ్యాన్ ఆపి పెట్టండి, లేకపోతే మీ ముక్కు మీద వాలుతుంది.

పేర్లు రాయాలనుకునేవాళ్లు బటర్ పేపర్‌ని కోన్‌లా చుట్టి కరిగిన చాక్లెట్‌తో రాయొచ్చు. మన అక్షరాల గుండ్రటి మలుపులు చాక్లెట్‌కి బాగా కుదురుతాయి, ఒత్తుల దగ్గరే చిక్కు. ఒత్తులుంటే ముద్దుపేరు రాసేయండి అందామనుకున్నాను, చిన్ని, బుజ్జి, చిట్టి, అన్నిట్లోనూ ఒత్తులే.

ఆరబెట్టడం, దాచడం, మోసుకెళ్లడం

ఫ్యాన్ కింద, పైన దోమతెర గుడ్డ కప్పి, మూడు నాలుగు గంటలు. ముసురు పట్టిన రోజైతే ఏసీ గదిలో పెట్టండి, గాలిలో తేమ తగ్గి త్వరగా ఆరతాయి. ఫ్రిజ్‌లో మాత్రం ఆరబెట్టొద్దు. నేను ఒకసారి సద్దుల బతుకమ్మ ముందు రోజు చేసి, పాడవుతాయేమోనని టెన్షన్‌తో ఫ్రిజ్‌లో పెట్టేశాను. పొద్దున తీసి బల్ల మీద పెట్టిన పది నిమిషాల్లో ఒళ్లంతా చెమటలు పట్టి గులాబీ రంగు నీలంలోకి, నీలం పసుపులోకి కారింది. "వానలో తడిసినట్టుంది వదినా" అని మా ఆడబిడ్డ ఇప్పటికీ అంటుంది.

గాలి చొరని డబ్బాలో బయటే వారం రోజులు ఉంటాయి. అంతకన్నా ఎక్కువ దాచాలంటే ఫ్రిజ్‌లో పెట్టండి, తీశాక మాత్రం డబ్బా మూత తెరవకుండా రెండు గంటలు వదిలేయండి, చెమ్మ డబ్బా బయటే పట్టుకుని ఆగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో చాయ్ కప్పు జోలికి వెళ్లకండి, చాక్లెట్ దారిలోనే తాగేయడానికి తయారవుతుంది.

ఒక్కోటి విడిగా కాగితపు కప్పులో పెట్టి, కప్పుల మధ్య సందుల్లో టిష్యూ కుక్కండి, దూది వద్దు, అంటుకుంటే ఊడదు. డబ్బా ఒళ్లో పెట్టుకోండి, ఆటోలో సీటు మీద పెడితే మన రోడ్ల గుంతలకి కళ్లజోడు ఒకటి రెండవుతుంది.

చివర్న బల్ల మీద అన్ని రంగుల ముక్కలూ మిగులుతాయి. కలిపితే బూడిద రంగు వస్తుంది, ఎవరికీ ఇవ్వలేం. దాన్ని చిన్న ఉండలు చుట్టి కోకోలో దొర్లించి నేను ఒక డబ్బాలో వేసి పప్పుల డబ్బాల వెనక దాచుకుంటాను. అది ఎవరికీ చెప్పలేదు.